ఫెర్రైట్‌లో డోపింగ్ వల్ల రెసిస్టివిటీ ఎంత మారింది? బిళ్ళ చేయడం నుంచి గ్రాఫ్ గీయడం దాకా

ఐరన్ ఆక్సైడ్‌తో ఇతర లోహాల ఆక్సైడ్లు కలిపి కాల్చి చేసే అయస్కాంత సిరామిక్‌ను ఫెర్రైట్ అంటారు. అందులో కొంత లోహాన్ని వేరే మూలకంతో (డోపెంట్‌తో) మార్చడమే డోపింగ్. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ చేసేవాళ్ళు, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్ళు ఏటా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అల్యూమినియం డోప్ చేశాం. రెసిస్టివిటీ పెరగాలన్నారు. ఒక బిళ్ళకి పెరిగింది, తర్వాతిదానికి తగ్గింది, ఆ తర్వాత మళ్ళీ పెరిగింది. థీసిస్‌లో ఏం రాయమంటారు?"

చాలాసార్లు తప్పు అల్యూమినియంది కాదు. పొడి నూరిన బంతులది, ఫర్నేస్ చల్లారిన తీరుది, లేదా కొలిచిన రోజు గదిలో ఉన్న తేమది. అందుకే ఈ పద్ధతిలో సగం శ్రమ డోపెంట్ చేసిన పనిని మిగతావాటి పని నుంచి విడదీయడానికే పోతుంది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల్లో దశాబ్దాలుగా ఫెర్రైట్ల మీద పని జరుగుతోంది. అలాంటి ల్యాబ్ మీకు దగ్గర్లో ఉంటే కింద చెప్పే సామాను చాలావరకు అక్కడే దొరుకుతుంది.

పాఠ్యపుస్తకాల్లో నిరోధకత, విశిష్ట నిరోధం అని రాసేదాన్నే ల్యాబ్‌లో అందరం రెసిస్టివిటీ అంటాం. నేనూ అదే వాడతాను.

సిద్ధాంతం, పని జరగడానికి సరిపడా

సిలికాన్‌లో డోపింగ్ చేసేది కరెంటు బాగా పారడానికి. ఫెర్రైట్‌లో ఎక్కువసార్లు కరెంటును ఆపడానికి చేస్తాం. హై ఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో ఎడ్డీ కరెంట్లు (కోర్ లోపలే సుడులు తిరిగి వేడిగా పోయే కరెంట్లు) తగ్గాలంటే రెసిస్టివిటీ ఎక్కువగా ఉండాలి. ఇంకో తేడా మోతాదులో ఉంది. సిలికాన్‌లో లక్షల పరమాణువులకు ఒకటి చాలు, ఇక్కడ నూటికి ఒకటి నుంచి పది దాకా మార్చేస్తాం. నిజానికి దాన్ని ప్రతిస్థాపన అనాలి. డోపింగ్ అనడం అలవాటైపోయింది.

ఈ ఫెర్రైట్ల స్ఫటికంలో అయాన్ల అమరికను స్పినెల్ నిర్మాణం అంటారు. అందులో ఆరు ఆక్సిజన్ల మధ్య ఉండే స్థానాలను బి సైట్లు అంటారు. పక్కపక్క బి సైట్లలో ఒకచోట ఫెర్రస్ అయాన్ (2+), మరోచోట ఫెర్రిక్ అయాన్ (3+) ఉంటే ఎలక్ట్రాన్ ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతుంది. ఫెర్రైట్‌లో కరెంటు ప్రధానంగా అలా పారుతుంది. బి సైట్లలో ఈ రెండూ చెరిసగం ఉన్న మాగ్నటైట్‌కు (ఐరన్ ఒక్కటే లోహంగా ఉన్న ఫెర్రైట్) గది ఉష్ణోగ్రత దగ్గర రెసిస్టివిటీ ఓమ్–సెం.మీ.లో వందో వంతు మేర మాత్రమే. అదే నిర్మాణం ఉండి, ఫెర్రస్ దాదాపు లేకుండా జాగ్రత్తగా చేసిన నికెల్ ఫెర్రైట్‌లో అది 10⁶ ఓమ్–సెం.మీ. దాటుతుంది. కాబట్టి ఏ డోపెంట్ తీసుకున్నా అడగాల్సింది ఒకటే: అది ఫెర్రస్‌ను పెంచుతుందా, తగ్గిస్తుందా, లేక దూకే దారికి అడ్డం నిలబడుతుందా?

కావలసినవి

- నికెల్ ఆక్సైడ్, జింక్ ఆక్సైడ్, ఫెర్రిక్ ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్. శుద్ధత 99 శాతం పైన ఉండాలి, అన్నీ ఒకే లాట్‌వి కావాలి. మధ్యలో సీసా మార్చొద్దు.
- 0.1 మిల్లీగ్రాము చూపించే త్రాసు
- అగేట్ మోర్టార్, లేదా జిర్కోనియా బంతులున్న బాల్ మిల్
- 10 మి.మీ. డై (పొడిని బిళ్ళగా నొక్కే అచ్చు), హైడ్రాలిక్ ప్రెస్
- 1250 °సె. దాకా వెళ్ళే, ప్రోగ్రామ్ పెట్టగల ఫర్నేస్, మూతలున్న అల్యూమినా క్రూసిబుళ్ళు
- సిల్వర్ పేస్ట్, ఎమెరీ పేపర్ (600, 1000 నంబర్లు), స్క్రూ గేజ్
- స్ప్రింగ్‌తో నొక్కిపట్టే శాంపిల్ హోల్డర్, కె టైప్ థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ జత), చిన్న కొలిమి
- ఎలక్ట్రోమీటర్ (నానోఆంపియర్లలాంటి అతి చిన్న కరెంట్లు కొలిచేది), 100 వోల్టుల లోపు డీసీ సప్లై. ఎలక్ట్రోమీటర్ లేకపోతే ఏం చేయాలో చివర్లో చెప్తాను.

జాగ్రత్త: నికెల్ ఆక్సైడ్ ధూళి క్యాన్సర్ కారకం. మాస్కు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. నూరేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి.

1. డోపెంట్ ఎంచుకోండి, ఏమవ్వాలో ముందే రాసిపెట్టుకోండి

ఫలితం వచ్చాక కారణం వెతకడం తేలిక. ముందే రాసి పెట్టుకుంటేనే మీరు నిజంగా దాన్ని పరీక్షించినట్టు.

అల్యూమినియం, క్రోమియం: ఇవి 3+ గానే ఉంటూ ఐరన్ స్థానంలో కూర్చుంటాయి. దూకడానికి ఐరన్ జతలు తగ్గుతాయి కాబట్టి రెసిస్టివిటీ పెరగాలి. మాగ్నెటైజేషన్ మాత్రం పడిపోతుంది.

మాంగనీస్, కోబాల్ట్: కొంచెం వేసినా చాలా చేస్తాయి. నికెల్ ఫెర్రైట్‌లో వీటిని కొద్దిపాటి కలిపినా రెసిస్టివిటీ ఎన్నో రెట్లు పెరుగుతుందని 1950ల మధ్యలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు వాన్ ఉయిటర్ట్ చూపించాడు. ఫెర్రస్ దగ్గరున్న అదనపు ఎలక్ట్రాన్‌ను మాంగనీస్ 3+ లాగేసుకుని తను 2+ అవుతుంది, ఐరన్ మళ్ళీ ఫెర్రిక్‌గా మారుతుంది. అక్కడితో దూకుడు ఆగిపోతుంది.

టైటానియం, టిన్, జిర్కోనియం: ఇవి 4+. బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే. ఒక ఐరన్ తీసేసి ఒక టైటానియం పెడితే ఛార్జి సరిపోవాలి కాబట్టి ఇంకో ఐరన్ ఫెర్రస్‌గా మారుతుంది. పెరగాల్సిన రెసిస్టివిటీ తగ్గుతుంది. పెరగాలంటే ఫార్ములాలోనే లెక్క సరిచేయాలి. ఎక్స్ మోతాదు టైటానియం వేస్తే అంతే మోతాదు నికెల్ అదనంగా వేసి, ఐరన్‌ను రెండు ఎక్స్‌లు తగ్గించాలి.

లాంథనం, గాడోలినియం లాంటి అరుదైన మృత్తికలు: అయాన్ సైజు పెద్దది. లాంథనం 3+ వ్యాసార్థం 1.03 ఆంగ్‌స్ట్రామ్, ఫెర్రిక్‌ది 0.645. లోపల పట్టేది కొద్దిగానే. మిగిలింది గ్రెయిన్ల (బిళ్ళలోని చిన్న చిన్న స్ఫటికాల) అంచుల్లో పెరోవ్‌స్కైట్ అనే వేరే నిర్మాణమున్న లాంథనం ఫెర్రైట్‌గా పేరుకుంటుంది. రెసిస్టివిటీ పెరిగినా "లాటిస్‌లోకి (స్ఫటిక అమరికలోకి) వెళ్ళి పెంచింది" అని రాయకండి.

కాల్షియం ఆక్సైడ్, సిలికా: మాంగనీస్–జింక్ ఫెర్రైట్ కోర్లు చేసే పరిశ్రమ వీటిని చాలా కొద్ది మోతాదులో కలుపుతుంది. ఇవి గ్రెయిన్ల చుట్టూ గాజులాంటి పలుచటి పొర కడతాయి. లోపలి గ్రెయిన్‌లో కరెంటు యథావిధిగా పారుతుంది, ఒక గ్రెయిన్ నుంచి ఇంకోదానికి దాటడమే కష్టమవుతుంది.

మొదటిసారి చేస్తుంటే అల్యూమినియంతో మొదలుపెట్టండి. దాని వేలెన్సీతో పేచీ ఉండదు. ఇక్కడి ఉదాహరణ కూడా అదే: నికెల్ 0.5, జింక్ 0.5, అల్యూమినియం ఎక్స్, ఐరన్ 2−ఎక్స్, ఆక్సిజన్ 4. ఎక్స్ విలువలు 0, 0.05, 0.1, 0.15, 0.2. మూడు ఎక్స్ విలువలతో గీత గీయొద్దు, కనీసం ఐదు కావాలి.

2. తూకం

ఆక్సైడ్లన్నిటినీ 200 °సె. దగ్గర మూడు నాలుగు గంటలు ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చాకే తూచండి. ఎక్స్ = 0.1 కి 20 గ్రాముల బ్యాచ్ లెక్క ఇలా వస్తుంది:

నికెల్ ఆక్సైడ్ 3.1805 గ్రా.
జింక్ ఆక్సైడ్ 3.4654 గ్రా.
ఫెర్రిక్ ఆక్సైడ్ 12.9200 గ్రా.
అల్యూమినియం ఆక్సైడ్ 0.4342 గ్రా.

ఫెర్రిక్ ఆక్సైడ్ అణువులో ఐరన్లు రెండు. అంటే 1.9 ఐరన్‌కు 0.95 మోల్ చాలు. అల్యూమినియం ఆక్సైడ్‌కూ ఇదే లెక్క. ఈ రెండుతో భాగించడం మరిచిపోయిన నోటుబుక్కులు చాలా చూశాను. మీ లెక్క సరైనదో కాదో తెలుసుకోవాలంటే ఇక్కడ ఇచ్చిన అంకెలు వస్తున్నాయేమో చూడండి.

ప్రత్యామ్నాయం: నైట్రేట్లు, సిట్రిక్ యాసిడ్‌తో సోల్–జెల్ ఆటోకంబశ్చన్ (ద్రావణాన్ని జెల్‌గా మార్చి దానంతటదే మండనివ్వడం) చేయొచ్చు. అల్యూమినియం ఆక్సైడ్ మొండి పదార్థం, ఘనస్థితిలో కలవడానికి సమయం తీసుకుంటుంది. నైట్రేట్లతో ఆ బాధ ఉండదు. కాకపోతే అవి గాల్లో తేమ పీల్చుకుంటాయి కాబట్టి తూకం తప్పుతుంది. కొత్త సీసా తీసి, త్వరగా తూచి, వెంటనే మూత పెట్టేయండి. జెల్ మండేటప్పుడు ఒక్కసారిగా పొంగి గోధుమరంగు పొగ వస్తుంది. ఫ్యూమ్ హుడ్ లేకపోతే ఈ పద్ధతి జోలికి వెళ్ళొద్దు.

3. నూరడం

అగేట్ మోర్టార్‌లో అసిటోన్ చుక్కలు వేస్తూ కనీసం రెండు మూడు గంటలు నూరండి, లేదా జిర్కోనియా బంతులతో మిల్ చేయండి. స్టీల్ బంతులు వద్దు.

నా మొదటి సిరీస్ ఇలాగే పోయింది. స్టీల్ బంతులతో రాత్రంతా మిల్ చేసి, రెసిస్టివిటీ ఎందుకు పడిపోయిందో తెలియక రెండు నెలలు టెన్షన్ పడ్డాను. లెక్క చూడండి. 20 గ్రాముల బ్యాచ్‌లో బంతులు 0.1 గ్రాము అరిగాయనుకుందాం. ఫార్ములాకు సుమారు 0.02 ఐరన్ అదనంగా చేరినట్టు. మీరు వేసిన డోపెంట్ 0.05 అయితే, అడగకుండా వచ్చిన ఐరన్ దాదాపు అందులో సగం! ఆ ఎక్కువైన ఐరన్ సింటరింగ్‌లో (బిళ్ళ గట్టిపడేలా కాల్చేటప్పుడు) ఫెర్రస్ అవుతుంది.

స్టీల్ మిల్ తప్ప వేరే దారి లేకపోతే బంతులను మిల్లింగ్‌కు ముందు, తర్వాత తూచండి. తగ్గిన బరువంతా పొడిలోకి వచ్చిన ఐరన్ అనుకుని ఫెర్రిక్ ఆక్సైడ్ తగ్గించుకోండి. అసలు నికెల్–జింక్ ఫెర్రైట్ చేసేటప్పుడు ఐరన్‌ను నూటికి ఒకటి రెండు వంతులు కావాలనే తగ్గించి వేసేవాళ్ళూ ఉన్నారు. అలా చేస్తే సిరీస్ మొత్తంలో ఒకే వంతు తగ్గించండి. ఒక బిళ్ళకి తగ్గించి ఇంకోదానికి తగ్గించకపోతే ఆ సిరీస్ దేనికీ పనికిరాదు.

4. కాల్సినేషన్

900–950 °సె. దగ్గర నాలుగు గంటలు కాల్చి, చల్లార్చి, మళ్ళీ గంటసేపు నూరండి. అయస్కాంతానికి పొడి అతుక్కుందని సంబరపడకండి, సగం కలిసిన పొడి కూడా అతుక్కుంటుంది. ఈ దశలో ఒక్క ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటిక నిర్మాణం చూపించే ఎక్స్‌రే పరీక్ష) తీయించండి. 35.5 డిగ్రీల కోణం (2θ) దగ్గర స్పినెల్ ప్రధాన శిఖరం కనిపించాలి. ఇక్కడ ఫెర్రిక్ ఆక్సైడ్ శిఖరాలు కొద్దిగా మిగిలినా సింటరింగ్‌లో పోతాయి. సింటరింగ్ తర్వాత మాత్రం ఒక్కటీ మిగలకూడదు.

5. బిళ్ళ నొక్కడం

పొడికి 2 శాతం పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్, పొడిని అతికించే జిగురు) ద్రావణం కొన్ని చుక్కలు కలిపి, పొడిపొడిగా అయ్యేదాకా నూరండి. 10 మి.మీ. డైలో 2 టన్నులు వేస్తే సుమారు 250 మెగాపాస్కల్ పీడనం పడుతుంది, అది చాలు. ఇంకా గట్టిపడుతుందని 5, 6 టన్నులు వేస్తే బిళ్ళ పై పొర టోపీలా ఊడొస్తుంది. కంటికి కనిపించని అడ్డ పగులు మిగిలితే ఇంకా ప్రమాదం. కరెంటు దారికి అడ్డంగా గాలి పొర ఉన్నట్టే కాబట్టి రెసిస్టివిటీ అబద్ధంగా పెరుగుతుంది.

ప్రతి ఎక్స్ విలువకూ మూడు బిళ్ళలు చేయండి. ఒక్క బిళ్ళ నమ్ముకుని ఎవరూ బాగుపడలేదు.

6. సింటరింగ్: ఫలితం తేలేది ఇక్కడే

ప్రోగ్రామ్ ఇలా పెట్టండి: 500 °సె. దాకా నిమిషానికి 2 డిగ్రీలు, అక్కడ ఒక గంట (పీవీఏ కాలిపోవడానికి). తర్వాత నిమిషానికి 4–5 డిగ్రీల చొప్పున 1200 °సె., అక్కడ నాలుగు గంటలు. తిరిగి 600 దాకా నిమిషానికి 2 డిగ్రీల చొప్పున దిగాలి. ఆ తర్వాత ఫర్నేస్‌లోనే వదిలేయండి.

ఎక్కే వేగం కన్నా దిగే వేగం ముఖ్యం. 1200 దగ్గర కొంత ఫెర్రిక్ ఆక్సిజన్‌ను వదిలి ఫెర్రస్‌గా మారుతుంది. గాలిలో నెమ్మదిగా చల్లారితే ఆ ఆక్సిజన్ తిరిగి లోపలికి చేరి ఫెర్రస్ తగ్గుతుంది. తొందరపడి 900 దగ్గర తలుపు తీశారంటే ఫెర్రస్ అక్కడే చిక్కుకుపోతుంది. డోపెంట్ మార్చగలిగినంత తేడా ఆ ఒక్క తలుపు తీయడం కూడా తేగలదు.

రెండో గొడవ జింక్‌ది. 1200 ప్రాంతంలో జింక్ ఆవిరై పోవడం మొదలవుతుంది, అది పోయినచోట ఐరన్ వంతు పెరుగుతుంది. దీనికి మందు సులువు. బిళ్ళల కింద అదే కూర్పు పొడి కొద్దిగా చల్లండి, పైన క్రూసిబుల్ బోర్లించండి.

మూడోది, సిరీస్ మొత్తం ఒకే దఫాలో, ఫర్నేస్ మధ్య భాగంలో పెట్టండి. ఎక్స్ = 0 సోమవారం, ఎక్స్ = 0.2 శుక్రవారం కాల్చి రెంటినీ పోలిస్తే మీరు పోల్చింది సోమవారాన్నీ శుక్రవారాన్నీ. స్థలం చాలక రెండు దఫాలు తప్పకపోతే, ప్రతి దఫాలోనూ ఒక్కో ఎక్స్ = 0 బిళ్ళ పెట్టండి. అవి రెండూ ఒకే విలువ ఇస్తే నిశ్చింత.

మాంగనీస్–జింక్ ఫెర్రైట్‌కు ఈ ప్రోగ్రామ్ వాడొద్దు. దాన్ని గాలిలో చల్లారిస్తే మాంగనీస్ ఆక్సీకరణమై హెమటైట్ (ఫెర్రిక్ ఆక్సైడ్) వేరుపడుతుంది. అక్కడ చల్లార్చేటప్పుడు ఆక్సిజన్‌ను అదుపులో ఉంచిన నైట్రోజన్ కావాలి.

7. కొలతలు, సాంద్రత

సింటరింగ్‌లో బిళ్ళ కుంచించుకుపోతుంది. 10 మి.మీ. డైలో నొక్కినది 8.6 అవ్వచ్చు. డై సైజునే వైశాల్యానికి వాడితే 35 శాతం తప్పు అక్కడికక్కడే వచ్చేస్తుంది. స్క్రూ గేజ్‌తో ఐదు చోట్ల కొలిచి సగటు తీసుకోండి.

ఉదాహరణకు ఎక్స్ = 0 బిళ్ళ: వ్యాసం 0.86 సెం.మీ., మందం 0.25 సెం.మీ., బరువు 0.700 గ్రా. వైశాల్యం 0.581 చ.సెం.మీ., సాంద్రత 4.82 గ్రా./ఘ.సెం.మీ. ఎక్స్‌ఆర్‌డీ నుంచి లాటిస్ పరామితి (స్ఫటికంలో పదేపదే వచ్చే గడి అంచు పొడవు) 8.39 ఆంగ్‌స్ట్రామ్ వస్తే సైద్ధాంతిక సాంద్రత 5.35. అంటే సుమారు 10 శాతం ఖాళీ రంధ్రాలు.

"రంధ్రాలు ఎక్కువ కాబట్టి రెసిస్టివిటీ పెరిగింది" అని రాసేముందు ఒక లెక్క. విడివిడిగా ఉన్న గుండ్రటి రంధ్రాలకు దిద్దుబాటు గుణకం (1 + రంధ్రాల భాగం ÷ 2) ÷ (1 − రంధ్రాల భాగం). 10 శాతానికి ఇది 1.17, 20 శాతానికి 1.38. ఖాళీ అన్న ఒక్క కారణం రెసిస్టివిటీని ఒకటిన్నర రెట్లు కూడా పెంచలేదు. మీకు వంద రెట్లు మారిందంటే కారణం వేరే ఉంది. ఒక మెలిక మాత్రం ఉంది: రంధ్రాలు ఒకదానికొకటి కలిసి బయటికి తెరుచుకుని ఉంటే, చల్లారేటప్పుడు ఆక్సిజన్ లోపలిదాకా వెళ్ళి ఫెర్రస్‌ను తగ్గిస్తుంది. అలా పరోక్షంగా అవి చాలానే చేయగలవు.

8. ఎలక్ట్రోడ్లు

రెండు ముఖాలనూ ఎమెరీ పేపర్ మీద చదునుగా రుద్ది, అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టండి. సన్న బ్రష్‌తో సిల్వర్ పేస్ట్ పలుచగా పూసి 150 °సె. దగ్గర అరగంట ఉంచండి. పక్క అంచుకు సిల్వర్ అంటితే బ్లేడుతో గీకేయండి. వెంట్రుకంత గీత ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి కలిసినా మీరు కొలిచేది సిల్వర్‌నే. ఎలక్ట్రోడ్ వేశాక అంచును చేత్తో ముట్టుకోవద్దు. చెమటలో ఉప్పు ఉంటుంది.

9. శాంపిల్ లేకుండా ముందు కొలవండి

ఈ పని చేసేవాళ్ళు తక్కువ. హోల్డర్‌లో బిళ్ళ పెట్టకుండా, కొలిచే వోల్టేజీ ఇచ్చి, ఎంత కరెంటు చూపిస్తుందో రాసుకోండి. అది హోల్డర్, కేబుళ్ళ లీకేజీ. బిళ్ళ పెట్టాక వచ్చే కరెంటు దీనికి కనీసం వంద రెట్లు ఉండాలి. లేకపోతే హోల్డర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ప్లాస్టిక్ వైర్లు తీసేసి టెఫ్లాన్ షీల్డెడ్ కేబుల్ వేయండి, మొత్తాన్ని ఎర్త్ చేసిన లోహపు పెట్టెలో ఉంచండి.

ఇక్కడ రెండు ప్రోబులు చాలు. బిళ్ళ నిరోధం వందల మెగాఓములు ఉన్నప్పుడు కాంటాక్ట్‌ల దగ్గరి కొన్ని ఓములు లెక్కలోకి రావు. బిళ్ళ నిరోధం కిలోఓము కన్నా తక్కువైతే, ముఖ్యంగా మాంగనీస్–జింక్ ఫెర్రైట్లకు, నాలుగు ప్రోబుల (కరెంటుకు రెండు, వోల్టేజీకి రెండు) పద్ధతికి మారండి.

10. గది ఉష్ణోగ్రత దగ్గర కొలత

బిళ్ళను ముందు 150–200 °సె. దాకా వేడిచేసి, హోల్డర్‌లోనే చల్లార్చి అప్పుడు కొలవండి. రంధ్రాలున్న ఫెర్రైట్ తేమ పీలుస్తుంది. విశాఖలాంటి సముద్రపు ఊళ్ళో, అందులోనూ వానాకాలం, వేడిచేయని బిళ్ళ ఇచ్చే అంకె మీ పదార్థం గురించి ఏమీ చెప్పదు. తేమ ఉందో లేదో కనిపెట్టే గుర్తు ఒకటుంది. మొదటిసారి వేడిచేస్తున్నప్పుడు 100 డిగ్రీల లోపు రెసిస్టివిటీ తగ్గకుండా పెరుగుతూ పోయి, తర్వాత తగ్గడం మొదలైతే అది నీరు ఆవిరి కావడమే.

వోల్టేజీ ఇచ్చిన వెంటనే రీడింగ్ తీసుకోవద్దు, బిళ్ళ కెపాసిటర్‌లా కాసేపు ఛార్జ్ అవుతుంది. 60 సెకన్లు ఆగండి, ప్రతి బిళ్ళకూ అదే 60. తర్వాత వోల్టేజీ తిరగేసి మళ్ళీ తీసి, రెంటి సగటు వాడండి. 5, 10, 20, 50 వోల్టుల దగ్గర కరెంటు అదే నిష్పత్తిలో పెరుగుతోందా చూడండి. పెరగకపోతే కాంటాక్ట్ సరిగా లేదనో, గ్రెయిన్ అంచుల దగ్గర ఫీల్డ్ ఎక్కువైందనో అర్థం. సిల్వర్ కొత్తగా పూసి మళ్ళీ చూడండి.

లెక్క: రెసిస్టివిటీ = నిరోధం × వైశాల్యం ÷ మందం. పై బిళ్ళకి 10 వోల్టుల దగ్గర 20 నానోఆంపియర్లు వచ్చాయనుకుంటే నిరోధం 5 × 10⁸ ఓములు, రెసిస్టివిటీ 1.16 × 10⁹ ఓమ్–సెం.మీ. దీన్నే ఓమ్–మీటర్లలో రాస్తే 1.16 × 10⁷. వేరే పేపర్‌తో పోల్చేటప్పుడు ఈ వంద రెట్ల తేడా మరిచిపోయి "మాది వంద రెట్లు మెరుగు" అని రాసినవాళ్ళున్నారు.

11. ఉష్ణోగ్రతతో కొలత

నిమిషానికి 2 డిగ్రీలకు మించకుండా వేడిచేస్తూ, లేదా ప్రతి 10 డిగ్రీలకూ ఐదు నిమిషాలు ఆగుతూ కొలవండి. థర్మోకపుల్ కొన బిళ్ళ పక్కనే ఉండాలి, కొలిమి గోడ దగ్గర కాదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండు సార్లూ తీయండి. రెండు గీతలూ కలవకపోతే తేమ ఉండిపోయింది, లేదంటే మీరు తొందరపడ్డారు.

అడ్డంగా 1000 ÷ కెల్విన్ ఉష్ణోగ్రత, నిలువుగా రెసిస్టివిటీ లాగరిథం (10 ఆధారంగా) గీయండి. సెల్సియస్‌తో గీసిన గ్రాఫులు వైవా దాకా వెళ్ళడం నేను చూశాను. గీత వాలును 0.198 తో గుణిస్తే యాక్టివేషన్ ఎనర్జీ (ఎలక్ట్రాన్ దూకడానికి కావలసిన శక్తి) ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. ఉదాహరణకు 30 °సె. (3.300) దగ్గర లాగ్ 9.06, 150 °సె. (2.364) దగ్గర 6.76 వస్తే వాలు 2.46, ఎనర్జీ 0.49.

గీత ఒకచోట వంగితే కంగారు పడొద్దు. క్యూరీ ఉష్ణోగ్రత (పదార్థం అయస్కాంత గుణం కోల్పోయే ఉష్ణోగ్రత) దగ్గర వాలు మారడం ఫెర్రైట్లలో మామూలే. ఆ వంపుకు రెండు పక్కలా విడివిడిగా వాలు తీయండి. మొత్తానికీ ఒకే గీత గీసేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

12. డోపెంటే చేసిందా? నాలుగు పరీక్షలు

మొదటిది లాటిస్. అల్యూమినియం 3+ వ్యాసార్థం 0.535, ఫెర్రిక్‌ది 0.645. అది నిజంగా లోపలికి వెళితే ఎక్స్ పెరిగేకొద్దీ లాటిస్ పరామితి క్రమంగా తగ్గాలి. ఒకచోట తగ్గడం ఆగిపోతే అక్కడి నుంచి అల్యూమినియం బయటే ఉండిపోయిందన్నమాట. లాంథనం సిరీస్‌లో అయితే ఎక్స్‌ఆర్‌డీలో 32 డిగ్రీల పక్కన చిన్న శిఖరం వెతకండి, పెరోవ్‌స్కైట్ అక్కడ దొరుకుతుంది.

రెండోది, రెసిస్టివిటీ పెరిగినప్పుడు యాక్టివేషన్ ఎనర్జీ కూడా పెరిగిందా? రెండూ కలిసి పెరిగితే దూకే పద్ధతే మారిందనడానికి బలం ఉంది. 0.1–0.2 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతం ఫెర్రస్–ఫెర్రిక్ దూకుడుకు గుర్తుగా తీసుకుంటారు. రెసిస్టివిటీ పెరిగి ఎనర్జీ కదలకపోతే పగుళ్ళ మీద, కాంటాక్ట్ మీద, బిళ్ళ కొలతల మీద అనుమానపడండి.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, ఖర్చు లేనిది. కొలిచిన బిళ్ళ రెండు ముఖాలనూ అర మిల్లీమీటరు చొప్పున అరగదీసి, మళ్ళీ సిల్వర్ వేసి కొలవండి. రెసిస్టివిటీ బాగా పడిపోతే బయటి పొర ఆక్సీకరణమై, లోపల ఫెర్రస్ మిగిలిపోయింది. మీ సిరీస్‌లోని తేడాలు డోపెంట్ వల్ల కాక చల్లార్చడం వల్ల వచ్చి ఉండొచ్చు. ఆరో మెట్టుకు వెళ్ళి ఇంకా నెమ్మదిగా చల్లార్చండి.

నాలుగోది ఎల్‌సీఆర్ మీటర్ ఉన్నవాళ్ళకు. 100 హెర్ట్జ్ నుంచి 1 మెగాహెర్ట్జ్ దాకా ఇంపిడెన్స్ (ఏసీకి ఎదురయ్యే మొత్తం అడ్డంకి) తీసి, దాని రెండు భాగాలను ఒకదానికెదురుగా ఒకటి పెట్టి కోల్–కోల్ చిత్రం గీస్తే గ్రెయిన్ నిరోధం, గ్రెయిన్ బౌండరీ నిరోధం వేరుపడతాయి. ఫెర్రైట్‌ను వాహక గ్రెయిన్లు, వాటి చుట్టూ నిరోధక పొరలుగా చూడొచ్చని 1951లో కూప్స్ అనే శాస్త్రవేత్త చెప్పిన నమూనాకు ఇది సరిపోతుంది. డీసీలో మీకు కనిపించేది ఎక్కువగా ఆ పొరల నిరోధమే. పెరిగింది గ్రెయిన్‌లోనా, అంచులోనా అన్నది డీసీ ఒక్కటే చూసి చెప్పలేరు.

మూడు బిళ్ళల మధ్య తేడా ఎంతుందో కూడా రాయండి. ఒకే ఎక్స్ విలువ ఉన్న బిళ్ళలే ఒకదానికొకటి మూడు రెట్లు తేడా చూపిస్తుంటే, పక్క ఎక్స్‌తో రెండు రెట్ల తేడాను ఫలితం అనకండి.

ఎలక్ట్రోమీటర్ లేకపోతే

మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఓమ్ రేంజ్ కొన్ని పదుల మెగాఓములతో ఆగిపోతుంది. కానీ దాని వోల్ట్ రేంజ్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగాఓములు. దాన్నే వాడుకోండి. ఐదు 9 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి, బిళ్ళనూ మీటర్‌నూ సిరీస్‌లో పెట్టండి. బిళ్ళ నిరోధం = 10 మెగాఓములు × (బ్యాటరీ వోల్టేజీ ÷ మీటర్ రీడింగ్ − 1). 45 వోల్టులకు మీటర్ 0.882 చూపిస్తే బిళ్ళ నిరోధం సుమారు 500 మెగాఓములు. బ్యాటరీ కాబట్టి కరెంటు లైన్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోల కూడా తక్కువ.

రెండు జాగ్రత్తలు. మీటర్‌ను ఆటో రేంజ్‌లో ఉంచొద్దు. కొన్ని మీటర్లలో మిల్లీవోల్ట్ రేంజ్‌కు లోపలి నిరోధం పూర్తిగా వేరు, లెక్క తలకిందులవుతుంది. అలాగే 10 మెగాఓములు అన్నది మాన్యువల్ చూసి నమ్మేయకుండా, బిళ్ళ స్థానంలో తెలిసిన 10 మెగాఓముల రెసిస్టర్ పెట్టి చూడండి. మీటర్ సరిగ్గా సగం వోల్టేజీ చూపించాలి.